విశాఖ గేటు దగ్గర లారీ ఎందుకు ఆగుతోంది? కంటైనర్ టెర్మినల్‌ను కంప్యూటర్లో నడిపి చూసే పద్ధతి

గంజాం తీరపు రొయ్యలైనా, రాయగడ వైపు ఫెర్రో క్రోమ్ అయినా, కంటైనర్లోకి ఎక్కాక ఎక్కువగా పట్టేది విశాఖ దారే. గోపాల్‌పూర్ రేవు బరంపురానికి పక్కనే ఉన్నా అక్కడ ప్రధానంగా నడిచేది ఖనిజం, బొగ్గు లాంటి బల్క్ సరుకు. బరంపురం బళ్లు పదహారో నంబరు హైవే మీద ఇచ్ఛాపురం, పలాస దాటి వస్తాయి. కోరాపుట్ బళ్లు సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా, రాయగడ బళ్లు పార్వతీపురం, బొబ్బిలి మీదుగా వస్తాయి. మూడు దారుల బళ్లూ చివరికి టెర్మినల్ గేటు ముందు ఒకే వరసలో నిలబడతాయి.

ఆ వరస ఎందుకు పెరుగుతుందో, ఏది మారిస్తే తగ్గుతుందో మామూలు లాప్‌టాప్ మీద నడిపి చూడొచ్చు. బరంపురం, గుణుపురం కాలేజీల్లో ప్రాజెక్టు చేసే పిల్లలకూ, ఫ్యాక్టరీ డిస్పాచ్‌లో, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకూ పనికొచ్చేలా ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాం. ఉదాహరణల్లోని అంకెలు లెక్క తెలియడానికి తీసుకున్నవే, ఏ టెర్మినల్ రికార్డూ కాదు. మీ అంకెలు మీరు వేసుకోవాలి.

ముందు ప్రశ్న రాసుకోండి

"టెర్మినల్ మొత్తాన్ని సిమ్యులేట్ చేస్తాం" అని మొదలుపెట్టిన ప్రాజెక్టు సాధారణంగా పూర్తి కాదు. కాగితం మీద ఒక్క ప్రశ్న రాయండి. ఉదాహరణకు: "ఎక్స్‌పోర్ట్ బాక్స్ (కంటైనర్) తెచ్చిన వంద లారీల్లో తొంభై, గేటు వరసలో చేరినప్పటి నుంచి ఎన్ని నిమిషాల్లో బయటపడుతున్నాయి?" సగటు అడగకండి. సగటు 50 నిమిషాలున్న చోట పది బళ్లు మూడేసి గంటలు నిలబడి ఉండొచ్చు. డ్రైవరుకు ట్రిప్పు పోయేదీ, ఓనరుకు డబ్బు పోయేదీ ఆ పది బళ్ల దగ్గరే.

ఆ తర్వాత ఒక బాక్స్ దారిని మొదటి నుంచి చివరి దాకా గీయండి. ఫ్యాక్టరీలో స్టఫింగ్ (బాక్స్‌లో సరుకు నింపడం), ఈ-సీల్ (ఎలక్ట్రానిక్ సీలు), కాటా, ఫారం 13 (బాక్స్‌ను టెర్మినల్లోకి తేవడానికి ఇచ్చే కాగితం), గేటు, యార్డులో బ్లాక్, ఆర్‌టీజీ క్రేన్ (టైర్ల మీద కదులుతూ యార్డులో బాక్సులు పేర్చేది), లోపలి ట్రైలర్, రేవు క్రేన్, ఓడ. కాటా అనగానే కొందరు తేలిగ్గా తీసుకుంటారు కానీ, 2016 జులై 1 నుంచి నిర్ధారించిన స్థూల బరువు ఇవ్వని బాక్స్‌ను ఓడకెక్కించకూడదని అంతర్జాతీయ నియమం ఉంది. ఆ కాగితం లేని బండి గేటు లేన్‌ను పట్టుకుని కూర్చుంటుంది, కాబట్టి అదీ మోడల్లో ఉండాలి.

బొమ్మలో ప్రతి అడుగు దగ్గరా రెండు విషయాలు రాయండి. ఈ పనికి ఏ వనరు కావాలి? దాన్ని ఎప్పుడు వదులుతుంది? మోడల్ సరిగ్గా రావడం, రాకపోవడం ఎక్కువగా రెండో ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. లారీ యార్డు లేన్‌లో ఆర్‌టీజీ కోసం ఆగినంతసేపూ ఆ లేన్‌లో జాగాను పట్టుకునే ఉంటుంది. ముందు జాగా వదిలేసి తర్వాత క్రేన్ అడిగినట్టు రాస్తే మీ మోడల్ టెర్మినల్లో ట్రాఫిక్ జామ్ అనేదే కనపడదు.

లెక్కలు ఎక్కడ దొరుకుతాయి

కనీసం రెండు వారాల టైములు కావాలి. కాటా స్లిప్పులు, టోల్ దగ్గర ఫాస్టాగ్ టైములు, బండి జీపీఎస్, గేటు స్లిప్పులు పోగు చేయండి. దేశంలోని పెద్ద టెర్మినళ్లలో బాక్స్‌కు ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్ వేస్తారు. లాజిస్టిక్స్ డేటా బ్యాంక్‌లో కంటైనర్ నంబరు కొడితే బాక్స్ ఏ టైముకు ఎక్కడుందో కొంతవరకు తెలుస్తుంది.

ఇక్కడ తప్పనిసరిగా చూడాల్సిన గోతి ఒకటుంది. టెర్మినల్ చెప్పే టర్న్‌రౌండ్ టైము మామూలుగా గేటు దాటిన క్షణం నుంచి మొదలవుతుంది. గేటు బయట రోడ్డు మీద నిలబడ్డ గంటలు అందులో ఉండవు. అందుకే టెర్మినల్ లెక్కలో 40 నిమిషాలు, డ్రైవరు మాటలో నాలుగు గంటలు అని వస్తుంది. ఇద్దరి మాటా నిజమే. గేటుకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలో మ్యాప్ మీద ఒక గీత గీసి, జీపీఎస్ ప్రకారం బండి ఆ గీత దాటిన టైమును "రాక"గా తీసుకోండి.

ప్రతి పనికీ రెండొందల కొలతలైనా ఉంటే బార్ గ్రాఫ్ గీసి ఆకారం చూడండి. అన్ని కొలతలు లేకపోతే అక్కడ పనిచేసే ఆపరేటర్‌ను మూడు అంకెలు అడగండి: తక్కువలో తక్కువ ఎంత, మామూలుగా ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత. ఆ మూడింటితో త్రిభుజ విభజన (మామూలు అంకె దగ్గర ఎక్కువగా, రెండు కొసల వైపు తగ్గుతూ పోయేది) వేస్తే మొదటి మోడల్‌కు చాలు. గ్రాఫ్‌లో రెండు కొండలు కనిపిస్తే ఒక్క సగటుతో కప్పేయకండి. కాగితాలు సరిగ్గా ఉన్న బండి ఒక రకం, లోపం ఉన్న బండి ఇంకో రకం. వాటిని విడివిడిగా పెట్టి, వందలో ఎన్ని బళ్లకు లోపం వస్తుందో ఒక శాతంగా ఇవ్వండి.

మొదటి మోడల్: ఒక్క గేటు

పైథాన్‌లో సింపై అనే ఉచిత లైబ్రరీ ఈ పనికి సరిపోతుంది. కోడ్ రాయలేనివాళ్లు బొమ్మలు జరిపి మోడల్ కట్టే జామ్‌సిమ్ వాడొచ్చు, అదీ ఉచితమే. యార్డు నియమాలు మనకు కావాల్సినట్టు రాసుకోవాలంటే మాత్రం సింపైదే పైచేయి.

సింపై గడియారానికి యూనిట్ ఉండదు. నిమిషం అని మీరే అనుకుని, అన్ని కొలతలూ నిమిషాల్లోనే ఇవ్వండి. ఒకచోట గంటలు, ఇంకోచోట నిమిషాలు కలిస్తే ప్రోగ్రాం ఏ ఎర్రరూ చూపకుండా తప్పు జవాబిస్తుంది. గేటును మూడు లేన్ల రిసోర్స్‌గా (ఒకేసారి ముగ్గురే వాడగల వనరుగా) పెట్టండి. ఒక ప్రాసెస్ లారీలను పుట్టిస్తుంది. ప్రతి లారీ వచ్చిన టైము రాసుకుని, లేన్ అడిగి, దొరికాక కాగితాల పనికి టైమౌట్ (పని అయ్యేదాకా ఆగడం) తీసుకుని, లేన్ వదిలి, బయటపడ్డ టైము రాసుకుంటుంది. మొత్తం ముప్ఫై లైన్ల కోడ్.

రాకల మధ్య వ్యవధిని ఎక్స్‌పొనెన్షియల్‌గా (చిన్న వ్యవధులు ఎక్కువ, పెద్దవి అరుదు అన్న విభజనగా) తీసుకునేటప్పుడు జాగ్రత్త. పైథాన్ సొంత ర్యాండమ్ లైబ్రరీలోని ఎక్స్‌పోవేరియేట్‌కు రేటు ఇవ్వాలి, నంపై అనే లైబ్రరీలోని ఎక్స్‌పొనెన్షియల్‌కు సగటు ఇవ్వాలి. 4 నిమిషాల సగటును పొరపాటున రేటుగా ఇస్తే సగటు పావు నిమిషమైపోతుంది. పని టైము దగ్గర ఈ తప్పు జరిగితే వరసే మాయమై, మోడల్ బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది.

ఇప్పుడు మోడల్‌ను క్యూయింగ్ (వరసల గణితం) సూత్రంతో సరిచూడండి. మూడు లేన్లు, బండికి సగటున 4 నిమిషాలు అనుకుందాం. గంటకు 45 బళ్ల సామర్థ్యం. రాకలూ, పని టైమూ రెండూ ఎక్స్‌పొనెన్షియల్ అయితే ఎర్లాంగ్ సూత్రం ఇచ్చే సగటు నిరీక్షణ ఇది:

గంటకు 30 బళ్లు వస్తే 1.8 నిమిషాలు.
36 బళ్లు వస్తే 4.3 నిమిషాలు.
42 బళ్లు వస్తే 17.5 నిమిషాలు.

మీ మోడల్‌ను ఎక్కువ రోజులు నడిపితే ఈ అంకెలకు దగ్గరగా రావాలి. రాకపోతే యార్డు జోలికి వెళ్లకండి, తప్పు ఇక్కడే ఉంది. 36 నుంచి 42కు ఆరు బళ్లు పెరిగితే నిరీక్షణ నాలుగు రెట్లయిందని గమనించండి. గేటు వరస నిండేకొద్దీ కొద్దికొద్దిగా పెరగదు, ఒక్కసారిగా ఎగురుతుంది.

42 బళ్ల దగ్గర రెండు మార్పులు ప్రయత్నించండి. నాలుగో లేన్ తెరిస్తే నిరీక్షణ 1.4 నిమిషాలకు దిగుతుంది. లేన్ పెంచకుండా కాగితాల పనిని 4 నిమిషాల నుంచి మూడున్నరకు తెచ్చినా 4.3 నిమిషాలకు దిగుతుంది. అంటే ఫారం 13లో బాక్స్ నంబరు, సీల్ నంబరు, బరువు ఫ్యాక్టరీలోనే సరిచూసి పంపి, బండికి అర నిమిషం మిగిల్చినా ఆ గంటలో వచ్చే ప్రతి బండికీ పదమూడు నిమిషాలు కలిసొస్తుంది. రాయగడలో డిస్పాచ్ గుమస్తా చేయగలిగిన పని ఇది.

పై సూత్రం రోజంతా ఒకే జోరు ఉంటుందని అనుకుంటుంది. అసలు జోరు అలా ఉండదు. రోజుకు 720 బళ్లు సమంగా వస్తే గంటకు 30, నిరీక్షణ రెండు నిమిషాల లోపు. అవే 720లో మూడు గంటల పాటు గంటకు 60 చొప్పున మీద పడితే, మూడో గంట చివరికి 45 బళ్లు వెనకబడి ఉంటాయి. ఆఖరున చేరిన బండి గంట నిలబడాలి. ఆ వరస కరగడానికి ఇంకో రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. అవే బళ్లు, అదే గేటు. అందుకే లారీలను పుట్టించే ప్రాసెస్‌కు ఒక్క సగటు కాకుండా గంటకొకటి చొప్పున 24 అంకెలివ్వండి.

యార్డు: అసలు పని ఇక్కడే

ముందు జాగా లెక్క. ఏడాదికి 2,00,000 ఇరవై అడుగుల బాక్సులు యార్డులో దిగుతాయనుకోండి. రోజుకు 548. ఒక్కోటి సగటున 5 రోజులుంటే యార్డులో ఎప్పుడూ 2,740 ఉంటాయి. రద్దీ రోజుల కోసం 1.3తో గుణిస్తే సుమారు 3,560. ఐదు బాక్సుల ఎత్తు పేర్చగలిగినా, కదిలించడానికి ఖాళీ ఉండాలి కాబట్టి 65 శాతమే నింపుతాం, అంటే ఎత్తు 3.25. నేల మీద సుమారు 1,096 జాగాలు కావాలి. అడ్డంగా ఆరు వరసలు, నిలువుగా ముప్ఫై బేలు (ఒక్కో బే ఒక బాక్స్ పొడవు) ఉన్న బ్లాక్‌లో 180 జాగాలు. కాబట్టి ఏడు బ్లాకులు. బాక్స్ ఒక్క రోజు ఎక్కువుంటే ఎనిమిదో బ్లాక్ కావాలి.

తర్వాత షఫ్లింగ్. కావాల్సిన బాక్స్ మీద ఉన్నవాటిని తీసి పక్కన పెట్టే పనిని యార్డులో అలాగే అంటారు. పూర్తిగా నిండిన దొంతరలో ఏదో ఒక బాక్స్ అడిగితే దాని మీద సగటున ఎన్ని ఉంటాయి? ఎత్తులోంచి ఒకటి తీసి సగం చేయండి. మూడెత్తుల్లో 1, ఐదెత్తుల్లో 2. క్రేన్ ఒక్కో కదలికకు 2 నిమిషాలైతే, అడిగిన బాక్స్‌ను ఎత్తడం కూడా కలిపి, మూడెత్తుల్లో బండికి 4 నిమిషాలు, ఐదెత్తుల్లో 6. జాగా మిగిల్చిన ఐదెత్తుల యార్డు క్రేన్ టైమును సగం పెంచేసింది. జాగా, క్రేన్ రెండూ ఒకే మోడల్లో ఉంటే తప్ప ఇది కంటపడదు.

ఎక్స్‌పోర్ట్ బాక్సులకు పేర్పు క్రమం ముఖ్యం. ఓడలో బరువైనవి అడుక్కి, ముందు వెళ్లాలి. కాబట్టి యార్డులో బరువైనవి పైన ఉంటే మంచిది. ఫెర్రో క్రోమ్ బాక్స్ బరువు, దాని మీద తేలిక సరుకు పడితే ఓడ ఎక్కించేటప్పుడు షఫ్లింగే. మోడల్లో ప్రతి బాక్స్‌కు ఓడ, దిగే రేవు, బరువు తరగతి అని మూడు గుర్తులివ్వండి. బరువును మూడు తరగతులు చేస్తే చాలు.

రొయ్యల బాక్స్ వేరే జాతి. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి కాబట్టి దానికి కరెంటు ప్లగ్ కావాలి. ప్లగ్గులను ప్రత్యేక రిసోర్స్‌గా పెట్టండి. యార్డులో వెయ్యి జాగాలు ఖాళీగా ఉన్నా ప్లగ్ లేకపోతే ఆ బండి కదలదు.

ఒక బ్లాక్‌లో ఆర్‌టీజీ ఒక్కటే అనుకోండి. దాన్ని అడిగేవాళ్లు ఇద్దరు: బయట నుంచి వచ్చిన లారీ, ఓడకు తిరిగే లోపలి ట్రైలర్. ఓడ ఆగితే నష్టం ఎక్కువ కాబట్టి ట్రైలర్‌కు ముందు అంటారు. సింపైలో ప్రయారిటీ రిసోర్స్ వాడండి. అందులో చిన్న అంకెకే పెద్ద పీట, చాలామంది తిరగేసి ఇస్తారు. ఇలా నడిపితే పెద్ద ఓడ ఉన్న రోజున లారీలు గంటల తరబడి అలాగే ఉండిపోతాయి. మందు ఏమిటంటే, 30 నిమిషాలు దాటిన లారీని ట్రైలర్‌తో సమానంగా చూడాలి. అయితే అడిగేటప్పుడు ఇచ్చిన ప్రయారిటీ తర్వాత దానంతట మారదు. కాబట్టి అడిగినవాళ్లను ఒక జాబితాలో పెట్టి, క్రేన్ ఖాళీ అయిన ప్రతిసారీ ఎవరిని తీసుకోవాలో ఎంచే చిన్న ఫంక్షన్ మీరే రాయండి. ఆ 30ని 20, 45, 60గా మార్చి చూస్తే లారీ ఎంత గెలిచిందో, ఓడ ఎంత ఓడిందో కనిపిస్తుంది.

రేవు క్రేన్ గంటకు 25 నుంచి 30 బాక్సులు ఎత్తుతుందని మొదట తీసుకోవచ్చు. ట్రైలర్ల సంఖ్యకు తేలిక లెక్క: ట్రైలర్ ఒక చుట్టుకు 12 నిమిషాలు, క్రేన్ ఒక ఎత్తుడుకు 2.4 నిమిషాలైతే 5 ట్రైలర్లు. యార్డులో ఆలస్యమై చుట్టు 17 నిమిషాలైతే 7 కూడా చాలవు, 8 కావాలి. ఇలాంటప్పుడు ట్రైలర్లు పెంచితే అవి కూడా అదే ఆర్‌టీజీ ముందు నిలబడతాయి, రేవులో బాక్సులేమీ పెరగవు.

నడపడం, నమ్మడం

ఖాళీ యార్డుతో మొదలైన మోడల్ మొదటి రోజుల్లో అబద్ధం చెబుతుంది. షఫ్లింగ్ ఉండదు, బళ్లన్నీ చకచకా వెళ్లిపోతాయి. బాక్స్ 5 రోజులుండే చోట మొదటి 15 రోజుల ఫలితాలు పారేసి, తర్వాతి 30 రోజులవి తీసుకోండి. వేరువేరు సీడ్‌లతో (ర్యాండమ్ అంకెలు ఎక్కడ మొదలవాలో చెప్పే అంకెలు) పదిసార్లు నడపండి. పది సగటుల సగటు 62 నిమిషాలు, వాటి ప్రామాణిక విచలనం (అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 8 అనుకుంటే, 2.262ను (పది పరుగులకు 95 శాతం నమ్మకానికి పట్టికలో ఉండే టీ విలువ) 8తో గుణించి 10 వర్గమూలంతో భాగించండి. 5.7 వస్తుంది. అంటే మీ జవాబు 56 నుంచి 68 మధ్య ఎక్కడో ఉంది. కొత్త పద్ధతికి 58 వచ్చిందని వెంటనే సంబరపడకూడదు.

రెండు పద్ధతులు పోల్చేటప్పుడు రెండింటికీ అవే రాకలు, అవే కాగితాల లోపాలు తగలాలి. రాకలకు ఒకటి, గేటు పనికి ఒకటి, క్రేన్‌కు ఒకటి చొప్పున విడివిడి ర్యాండమ్ ధారలు పెడితే ఇది కుదురుతుంది. అప్పుడు జంటలవారీగా తేడా తీసి, ఆ తేడాలకే పైన 5.7 తెచ్చిన లెక్క కట్టండి. సాధారణంగా చాలా తక్కువ వెడల్పులోనే తేలిపోతుంది.

మోడల్‌ను నమ్మే ముందు కొన్ని పరీక్షలు. రోజుకు పది బళ్లే పంపండి, ఎవరూ ఆగకూడదు. ఒక్క బాక్స్‌ను ఎంచుకుని అది తిరిగిన ప్రతి అడుగూ ప్రింటు చేసి చదవండి. లిటిల్ సూత్రం చూడండి: గంటకు 40 బళ్లు వచ్చి, ఒక్కోటి గంటన్నర ఉంటే లోపల సగటున 60 బళ్లుండాలి. మోడల్ 60 చూపకపోతే ఎక్కడో బళ్లు తప్పిపోతున్నాయి. ఆఖరున అసలు రికార్డుతో పోల్చేటప్పుడు రోజు సగటు ఒక్కటే కాకుండా గంట గంటకూ పోల్చండి. సగటు కలిసి, తెల్లవారుజాము కలవకపోతే ఆ మోడల్ మనకు పనికిరాదు.

మెరుగు పరచడం: మన చేతిలో ఉన్న మీట

క్రేన్లు కొనడం మన చేతిలో లేదు. బండి ఎప్పుడు బయల్దేరాలో ఉంది. బరంపురం నుంచి విశాఖకు రెండొందల అరవై, డెబ్బై కిలోమీటర్లు, లోడు బండికి ఆరేడు గంటల ప్రయాణం. సాయంత్రం స్టఫింగ్ ముగిసి, రాత్రి తొమ్మిదికి పది బళ్లు కలిసి కదిలితే తెల్లవారుజామున మూడు, నాలుగింటికి కలిసే దిగుతాయి. అదే టైముకు ఘాట్ దిగిన బళ్లూ వస్తే గేటు దగ్గర పైన చెప్పిన మూడు గంటల ఉప్పెనే.

మోడల్లో ఈ బళ్లను మూడు జట్లు చేసి నాలుగేసి గంటల తేడాతో పంపి చూడండి. ఠంచనుగా వస్తాయని మాత్రం పెట్టకండి. హైవే బండికి అటూ ఇటూ గంట, వానాకాలం ఘాట్ బండికి రెండు గంటలు తేడా పెట్టండి. ఆ తేడాతోనూ లాభం నిలిస్తేనే అది నిజమైన లాభం. ఎక్స్‌పోర్ట్ బాక్స్ దింపిన బండికే ఇంపోర్ట్ బాక్సో, ఖాళీదో ఎక్కించి పంపే మార్పు కూడా కలపండి. రెండు గేటు చుట్లు ఒకటవుతాయి.

జెనెటిక్ అల్గారిథంల (మంచి కలయికలను తానే వెతికే పద్ధతుల) దాకా వెంటనే వెళ్లనక్కర్లేదు. జట్ల సంఖ్యకు మూడు విలువలు, లారీ ఓపిక హద్దుకు (పైన చెప్పిన 20, 30, 45, 60 నిమిషాలు) నాలుగు, పేర్పు ఎత్తుకు మూడు తీసుకుంటే 36 కలయికలు. పదేసి సార్లు అంటే 360 పరుగులు, మామూలు లాప్‌టాప్ ఒక రాత్రిలో చేయగల పని. ప్రతి కలయికకూ మూడే అంకెలు రాయండి: తొంభై శాతం లారీల టైము, రేవు క్రేన్ ఖాళీగా ఉన్న నిమిషాలు, షఫ్లింగ్ కదలికలు. మూడింటిలోనూ వేరే కలయిక కంటే అధ్వానంగా ఉన్నవి కొట్టేస్తే చేతిలో నాలుగైదు మిగులుతాయి.

ఆ నాలుగైదింటినీ తుఫాను మీద పరీక్షించండి. మన తీరానికి ఇది తప్పదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న విశాఖ మీద పడింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. మోడల్లో రెండు రోజులు రేవూ, గేటూ మూసేయండి. రోజుకు 600 బళ్ల చొప్పున 1,200 వెనకబడతాయి. తెరిచాక రోజుకు 750 పంపగలిగితే, కొత్తగా వచ్చే 600 పోను 150 చొప్పున కరుగుతాయి. పూర్తిగా తేరుకోవడానికి 8 రోజులు. సామర్థ్యం 700 అయితే 12 రోజులు. ఆ రోజుల్లో రొయ్యల బాక్స్ ఎక్కడ ప్లగ్ పెట్టుకుంటుందో, ఫ్యాక్టరీలోనే ఎన్ని బాక్సులు ఆపుకోవాలో మోడల్ నుంచి తీసి, సెప్టెంబరులోనే డిస్పాచ్ బల్ల మీద ఆ కాగితం పెట్టండి.